గొంతే పెట్టుబడి: చెన్నపట్నపు తెలుగువారి కథలో ఒక పుట

చెన్నపట్నానికి వలస వచ్చిన తెలుగువారి చరిత్ర వ్రాయబూనినవారు దుబాసీలతో మొదలుపెట్టి, వర్తకులను, వకీళ్ళను, పుస్తకాలు అచ్చు వేసినవారిని, పత్రికలు నడిపినవారిని వరుసగా తలచుకొని, చివరకు చలనచిత్ర నిర్మాతల దగ్గర ఆగిపోవటం పరిపాటి అయినది. వీరందరూ స్మరణీయులే, సందేహం లేదు. అయితే చేతిలో సరుకు గాని, వెనుక ఆస్తి గాని లేక, భగవంతుడిచ్చిన గొంతు ఒక్కదానినే పెట్టుబడిగా నమ్ముకొని సెంట్రల్ స్టేషనులో రైలు దిగినవారు కూడా మనలో చాలామంది ఉన్నారు. వారిలో పాటగాండ్రను గురించి లోకానికి కొంత తెలుసు. మాట పలికి బ్రతికినవారు, అనగా రేడియోలో ప్రకటన చెప్పినవారు, వార్తాచిత్రాలకు వ్యాఖ్యానం చదివినవారు, తెరమీద మరొకరి పెదవులకు తమ మాటను అరువిచ్చినవారు, వీరిని గురించి మనవారు వ్రాసినది బహు తక్కువ.

ఇక్కడ విచారింపదలచినది వారికి పని ఎట్లా దొరికేదన్న ముచ్చట. బట్టలకొట్టువాడు చీరెను గుమ్మానికి వ్రేలాడదీస్తాడు. మిఠాయికొట్టువాడు పళ్ళెరాన్ని ముందు పెడతాడు. గొంతును ఎక్కడ వ్రేలాడదీయాలి? వినిపించితే గాని దాని విలువ తెలియదు. వినిపించటానికి ఎవరో పిలవాలి. పిలవటానికి వారికి మన పేరు తెలిసి ఉండాలి. పేరు తెలియాలంటే ముందు ఎక్కడనో వినిపించి ఉండాలి! ఈ చిక్కుముడిని ఒక్కొక్క తరంవారు ఒక్కొక్క విధంగా విప్పుకొన్నారు.

యంత్రం రాకముందు ఈ చిక్కు లేదు. ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) హరికథ విన్నవాడు దాసుగారిని కళ్ళారా చూచినవాడే. ఒక ఊళ్ళో కథ రక్తి కట్టితే పొరుగూరివారు తామే వచ్చి పిలుచుకొనిపోయేవారు. నాటకరంగంలోనూ అంతే. పద్యాన్ని రాగంలో సాగదీయటమే నటన అని లోకం భ్రమించిన రోజులలో, మాటను భావయుక్తంగా పలకటమే ముఖ్యమని పట్టుబట్టినవారు బళ్ళారి రాఘవగారు (1880–1946). వృత్తికి వకీలు, ఉండినది నేటి కర్ణాటక రాష్ట్రంలోని బళ్ళారి. ఆయన మైకుముందు నిలిచి బ్రతికినవారు కాకపోయినా, మాటనే వృత్తిగా చేసుకొన్న తెలుగువారందరికీ ఆయననే పెద్దదిక్కుగా నేను ఎంచుతాను. ఈ విషయంలో ఎవరైనా నాతో విభేదింపవచ్చు.

గ్రామఫోను వచ్చి గొంతును మనిషి నుంచి విడదీసినది. 1902లో కలకత్తాలో గైస్‌బర్గ్ దొర గౌహర్ జాన్ పాటలను ప్లేట్లకు ఎక్కించినప్పుడు, పాట చివర ఆమె తన పేరును తానే ఇంగ్లీషులో చెప్పుకొన్నది. నేడు వినేవారికి అది బడాయిగా తోస్తుంది. అసలు సంగతి వేరు. ఆ ప్లేట్ల ముద్రణ జర్మనీలోని హానోవరు పట్టణంలో జరిగేది. అక్కడి పనివారికి మన పాటకులెవరో, ఏ ప్లేటు ఎవరిదో తెలిసే వీలు లేదు. లేబులుమీద సరియైన పేరు పడాలంటే ప్లేటులోనే ఆ పేరు వినిపించాలి. కారణం ఎంత చిన్నదైనా ఫలితం పెద్దది. ప్లేటు వెళ్ళిన ప్రతి ఇంటికీ గొంతుతోపాటు పేరు కూడా వెళ్ళినది. గొంతు అమ్ముకొనేవారు తమకు తాము చేసుకొన్న తొలి ప్రకటన ఇదేనని నా అభిప్రాయం. కొంతకాలానికి లేబుళ్ళ పద్ధతి చక్కబడి, పాట చివర పేరు చెప్పే ఆచారం పోయినది.

ఇక రేడియో. చెన్నపట్నంలో రేడియో 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో ఒక క్లబ్బుగా మొదలై, డబ్బు చాలక 1927లో మూతబడినది. 1930లో నగర కార్పొరేషనువారు మళ్ళీ చేపట్టినారు. 1938 జూన్ 16న అఖిల భారత రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాలకు రేడియో తెలుగు చెన్నపట్నం నుంచే వెళ్ళవలసి వచ్చినది. (నైజాములో హైదరాబాదు కేంద్రం 1935 నుంచే ఉన్నా, అది వేరే ప్రభుత్వపు సంగతి.) కనుక తెలుగు చక్కగా పలుకగలవారికి ఈ ఊళ్ళో ఒక కొత్త గుమ్మం తెరుచుకొన్నది.

ఆ గుమ్మానికి కావలి స్వరపరీక్ష. పరీక్షించేవారి ఎదుటికి మనిషి రాడు, గొంతు మాత్రమే అద్దపు గది అవతల నుంచి వినిపిస్తుంది. నెగ్గినవారికి 'బి', 'బి-హై', 'ఎ' అని తరగతులు. సిఫారసులు బొత్తిగా లేవని చెప్పను. అయినా ఊరు పేరు లేని పల్లెటూరి పిల్లవాడు కూడా ధైర్యంగా దరఖాస్తు పెట్టుకోదగిన పద్ధతి అది. నెగ్గినవారు ఊరికే కూర్చోలేదు. కచేరీ కరపత్రాలలో, నాటక సమాజాల ఆహ్వానాలలో, చివరకు శుభలేఖలలో కూడా పేరు ప్రక్కన 'ఆకాశవాణి కళాకారులు' అని అచ్చు వేయించుకొనేవారు. దీనిని చూచి నవ్వినవారున్నారు. నాకు మాత్రం ఇందులో నవ్వవలసినది కనబడదు. గొంతును గుమ్మానికి కట్టుకొనే వీలు లేనివాడు దానికి దొరికిన ముద్రను పేరుకు కట్టుకొన్నాడు.

ఆ ముద్ర ఎంత పనిచేసేదో శ్రీమతి పి. సుశీలగారి విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1950 ప్రాంతాన సంగీత దర్శకులు పెండ్యాల నాగేశ్వరరావుగారు కొత్త గొంతులు కావలెనని వీధులు గాలించలేదు, రేడియోవారిని అడిగినారు. పరీక్షలో నెగ్గిన అయిదుగురిని వారు చూపగా, విజయనగరం నుంచి వచ్చిన సుశీలగారిని ఆయన ఎన్నుకొన్నారు. తరువాత ఎ.వి.ఎం. సంస్థవారు ఆమెను నెలజీతంమీద తమ గాయనిగా నియమించుకొన్నారు. అంతకు కొద్ది ఏళ్ళ ముందు ఘంటసాల వెంకటేశ్వరరావుగారి దారి ఇంతకంటె రాళ్ళు రప్పలతో కూడినది. సముద్రాల రాఘవాచార్యులవారి చలువతో పరిచయాలు, 'సీతారామ జననం' (1944) నాటి గుంపుపాటలు, రేడియోలో పాటలు, పేకేటి శివరాంగారి ప్రోత్సాహంతో విడిగా ఒకటి రెండు రికార్డులు, ఆ మీదట 'స్వర్గసీమ' (1945). ఒక్క గుమ్మం తెరవకపోతే ఇంకొక గుమ్మం, అదీ కాకపోతే కిటికీ. గొంతుతో బ్రతుకదలచిన ప్రతివాడూ నేటికీ నడుస్తున్నది ఇంచుమించు ఈ దారినే.

అయితే రేడియోలో ఒక విచిత్రం ఉన్నది. వార్తలు చదివేవారికి తమ పేరు తాము చెప్పుకొనే హక్కు ఉండేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన పన్యాల రంగనాథరావుగారి పేరు తెలియని ఇల్లు ఉండేది కాదు. ఆయనవలె పేరు చెప్పుకొనే భాగ్యం పాటకూ పాటకూ నడుమ రోజంతా మాట్లాడే అనౌన్సరుకు లేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని లక్షల పిల్లలు పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు కూడా వరుసలతోనే ప్రసిద్ధులైనారు గాని ఇంటిపేరుతో కాదు. తెలుగువాడు గొంతుకు చుట్టరికం కట్టితే ఇక పేరు అడుగడు.

గొంతుకు పేరు లేకపోవటం పరాకాష్ఠకు చేరినది డబ్బింగు చిత్రాలలో. హిందీ 'నీరా ఔర్ నందా' చిత్రాన్ని 1950లో 'ఆహుతి' పేరుతో తెలుగు చేసినారు. తెలుగులో తొలి డబ్బింగు చిత్రంగా దానిని చెప్పుకొంటారు. మాటలు, పాటలు వ్రాసినవారు శ్రీశ్రీ. ఆ మహాకవి సినిమాకు వచ్చినది డబ్బింగు గుమ్మం గుండానే. ఆపైన తమిళ చిత్రాలు వరుసగా తెలుగు మాట్లాడనారంభించినవి. 1952 నాటి 'పరాశక్తి' 1957లో తెలుగులో వచ్చినది.

ఆ పని ఎట్లా జరిగేదో నేటివారికి తెలియదు గనుక కొంచెం వివరిస్తాను. ఫిల్మును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క రెండు చివరలూ అతికించి, ఉంగరంవలె మరల మరల తిప్పేవారు. దానినే లూపు అనేవారు. చీకటి గదిలో తెరమీద ఆ నటుడు అదే మాట పదిసార్లు పలుకుతుంటే, అతని పెదవులు ఎక్కడ మూతబడుతున్నవో చూచుకొని, సరిగా అక్కడనే మన ప, బ, మ పడేటట్లు పలకాలి. తమిళపు మాట పొట్టిదై తెలుగు మాట పొడుగైతే వ్రాసినవాడు అక్కడికక్కడే మాట మార్చవలసి వచ్చేది. సన్నివేశంలో నలుగురుంటే నలుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడేవారు. ఒకడు తడబడితే నలుగురూ మొదటినుంచి చెప్పవలసినదే. స్టూడియోకు గంటల లెక్కన అద్దె. కనుక రెండవసారికే సరిగా చెప్పేవాడిని, సమయానికి వచ్చేవాడిని, పడిశం పట్టకుండా గొంతును కాపాడుకొనేవాడిని మరుసటి చిత్రానికి తప్పక పిలిచేవారు. ఎంత మధురమైన గొంతైనా పది లూపులు పాడుచేసేవాడిని మళ్ళీ తలపెట్టేవారు కారు. ఆ రోజులలో డబ్బింగు కళాకారుని ప్రకటన కరపత్రం మీద లేదు, ప్రక్కవాని నోటిలో ఉన్నది.

ఈ రంగంలో కంచుకంఠం అనిపించుకొన్న కొంగర జగ్గయ్యగారిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శివాజీ గణేశన్ తెలుగులో మాట్లాడినాడంటే ఆ మాట జగ్గయ్యగారిదని ప్రేక్షకులందరికీ తెలుసు. ఆయన అంతకుముందే ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివి పేరు చెప్పుకొన్నవారు. తెరమీద నాయకుడుగా, ప్రతినాయకుడుగా ముఖం చూపినవారు. 1967లో ఒంగోలు నుంచి లోకసభకు కూడా ఎన్నికైనారు. కనుక ఆయన అరువిచ్చిన గొంతు వెంట ఆయన పేరు కూడా వెళ్ళినది. ఆయన ప్రక్కన అదే మైకు ముందు నిలిచి సేనాపతికీ, పురోహితునికీ, పొరుగింటి అవ్వకూ మాట చెప్పినవారి పేర్లు చిత్రం మొదట పడే అక్షరాలలో సాధారణంగా కనిపించవు. డబ్బింగు ఎంత బాగా కుదిరితే, ఆ మాట మరొకరిదన్న సంగతే చూచేవానికి అంతగా తోచదు. తన పని బాగా చేసినకొద్దీ తాను మాయమైపోయే వృత్తి ఇది. కుమ్మరికి గాని, నేతగానికి గాని ఈ కష్టం లేదు.

మరి పని ఎట్లా దొరికేది? చెన్నపట్నపు భూగోళమే వీరికి ఆధారం. వడపళనిలో ఎ.వి.ఎం., విజయా-వాహినీ స్టూడియోలు, సాలిగ్రామంలో ప్రసాద్ స్టూడియో, వీటికి కొంచెం దూరాన త్యాగరాయనగరంలో పాండీబజారు, పానగల్ పార్కు. (ఆ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయణింగారు కాళహస్తి తెలుగువారే. నీడన కూర్చున్న మనవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసునో!) ఈ నాలుగైదు మైళ్ళలోనే రచయిత, దర్శకుడు, నటుడు, పనిలేనివాడు కాఫీ హోటలులోనో పుస్తకాల కొట్టు ముందరో రోజుకొకసారి ఎదురుపడేవారు. కొత్తవాడు మొదట గుంపులో గొంతు కలిపేవాడు, అనగా 'జై' అనటం, సంతలో అరవటం, పెళ్ళిలో గుసగుసలాడటం. అందులో ఎవడి గొంతు చెవికి తగిలితే వాడికి ఒక చిన్న మాట. ఆ చిన్న మాట కుదిరితే మరుసటి చిత్రంలో పేరున్న పాత్ర. తరువాత కాలంలో సంఘం ఏర్పడి, సభ్యత్వపు కార్డు ఉంటేనే మైకు ముందుకు రానిచ్చే కట్టుబాటు వచ్చినది. కూలి నిలకడకు అది మేలు చేసినది. ఆ కార్డుకు సొమ్ము కూడబెట్టలేని కొత్తవానికి మాత్రం మరొక గోడ లేచినది. రెండూ నిజాలే.

చెన్నపట్నం దాటితే మనవారి గొంతుకు గిరాకీ ఉన్న మరొక ఊరు బొంబాయి. 1948లో అక్కడ ఏర్పడిన ఫిల్మ్స్ డివిజనువారి వార్తాచిత్రాలు మొదటినుంచి తెలుగులో కూడా వచ్చేవి. ప్రతి సినిమాహాలులోనూ అసలు చిత్రానికి ముందు వాటిని చూపించి తీరవలెనని నిబంధన. కనుక బొంబాయిలో కూర్చున్న ఒక తెలుగు వ్యాఖ్యాత గొంతును ఇచ్ఛాపురం మొదలు హిందూపురం దాకా జనం విన్నారు. పేరు ఎవరికీ తెలియదు. ఇదిగాక, 1952లో కేస్కర్ మంత్రిగారి హయాములో ఆకాశవాణి సినిమా పాటలను పక్కకు నెట్టినప్పుడు శ్రోతలు రేడియో సిలోను వైపు తిరిగినారు. అది వర్తక ప్రకటనలమీద నడిచే రేడియో. అక్కడ అనౌన్సరు తన పేరు దాచుకోనక్కరలేదు. అమీన్ సయానీ పేరు దేశమంతటా మారుమ్రోగినది అందువల్లనే. తెలుగు కార్యక్రమంలో వినిపించిన మీనాక్షి పొన్నుదొరైగారు పాతతరం శ్రోతలకు నేటికీ గుర్తు. ఆకాశవాణి 1957లో వివిధభారతిని ప్రారంభించి, 1967 నవంబరు 1 నుంచి తొలుత బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రాలలో ప్రకటనలకు చోటిచ్చినది. సబ్బు, పళ్ళపొడి, తలనొప్పి మాత్ర పేర్లు అర నిమిషంలో మనసుకెక్కేటట్లు పలుకగలవారు కావలసి వచ్చినారు. అదొక కొత్త విద్య.

ఆ తరువాత వచ్చినది మన చెన్నపట్నపు గొంతులవారికి పెద్ద దెబ్బ. 1970ల నుంచి తెలుగు చిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, తరువాత రామానాయుడు స్టూడియో, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. తారలు మేడలు కట్టుకొని వెళ్ళినారు. నిర్మాతలు కార్యాలయాలు మార్చుకొన్నారు. పిల్లల చదువులు, అద్దె ఇళ్ళు, వీధి పరిచయాలు వదలుకొని వెళ్ళలేక మిగిలిపోయినవారిలో డబ్బింగు కళాకారులు ఎక్కువ. ప్రక్కవాని నోటిలో ఉన్న ప్రకటన ప్రక్కవాడు వెళ్ళిపోగానే పోయినది. కాఫీ హోటలు అక్కడనే ఉన్నది, ఎదురుపడేవారు లేరు.

ఈ కష్టాన్ని దాటి వంశవృత్తిగా నిలిపిన కుటుంబం పి. జె. శర్మగారిది. ఆయన నటుడు, డబ్బింగు కళాకారుడు, 2014లో కాలం చేశారు. ఆయన కుమారుడు సాయికుమార్ గొంతు రాజశేఖర్, సుమన్ వంటి నాయకులకు ఎన్నో ఏళ్ళు మాట ఇచ్చినది. తెలుగులో వినబడిన ఆ మనిషిని ముఖంతో సహా నాయకునిగా నిలబెట్టినది మాత్రం కన్నడదేశం, 1996లో 'పోలీస్ స్టోరీ' చిత్రంతో. ఆయన తమ్ముడు రవిశంకర్ 2009లో 'అరుంధతి'లో సోనూ సూద్‌కు చెప్పిన మాట పిల్లల నోళ్ళలో కూడా నానినది. స్త్రీలలో సరిత, రోజారమణి ముందు తెరమీద కనిపించి, ఆ మీదట ఎందరో నాయికలకు గొంతైనారు. బాలసుబ్రహ్మణ్యంగారు కమలహాసన్‌కు తెలుగులో మాట ఇచ్చినారు. 'అన్నమయ్య' (1997)లో సుమన్ పలికిన వేంకటేశ్వరుని మాట కూడా ఆయనదే. గమనించి చూస్తే వీరిలో చాలామందికి గొంతు గాక వేరొక గుర్తింపు ఉన్నది: నటన, పాట, తండ్రి పేరు. అది లేనివారి పేర్లు మనకు తెలియకపోవటానికి వారి గొంతులో లోపం కారణం కాదు.

బెంగుళూరులోని మనవారి సంగతి ఇంకొక తీరు. 1960ల నుంచి కన్నడంలోకి పరభాషా చిత్రాలను డబ్బింగు చేయరాదన్న పట్టుదల అక్కడి పరిశ్రమలో ఉండేది. అందుకు వారికి తగిన కారణాలున్నవి. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ అడ్డంకిని తప్పుపట్టిన తరువాత కన్నడ, తెలుగు రెండూ ఇంటిభాషలుగా వచ్చినవారికి అక్కడ కొత్త పని పుట్టినది. ఆ ఊరే 2001లో దేశంలోని తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలలో ఒకదానికి పుట్టినిల్లు. ఎఫ్.ఎం. రేడియోలో మాట్లాడే కుర్రవాడు అయిదు నిమిషాలకొకసారి తన పేరు తాను చెప్పుకొంటాడు. పాత ఆకాశవాణి అనౌన్సర్లు దీనిని వింటే చెవులు మూసుకొందురేమో. మనసులో మాత్రం కొంచెం అసూయపడకపోరు.

నేడు ఈ వృత్తిలోకి వచ్చే యువతీయువకులు ఇంట్లోనే, బట్టల బీరువా ప్రక్కన దుప్పట్లు వ్రేలాడగట్టి, చిన్న మైకు పెట్టుకొని పలికి, హైదరాబాదుకో ముంబయికో క్షణంలో పంపుతున్నారు. ఒకటి రెండు నిమిషాల నమూనాలు తయారు చేసుకొంటారు: ప్రకటనకు ఒకటి, పాఠానికి ఒకటి, కథకు ఒకటి, ముసలమ్మకు ఒకటి. పాండీబజారు పోయినా పని దొరికే దారి ఏర్పడినదని సంతోషించవలసినదే. తెలుగు రాష్ట్రాలకు దూరంగా ఉన్నవారికి ఇది మరింత మేలు. యానాంలో ఉన్నా, బరంపురంలో ఉన్నా గొంతుకు రైలు టిక్కెట్టు అక్కరలేదు.

అయితే గొంతు మనిషిని విడిచి ఇంకొక అడుగు దూరం జరిగినది. నమూనాగా ఇచ్చిన నాలుగు మాటలనుంచి, చెప్పని నాలుగు వేల మాటలను యంత్రం అదే గొంతుతో పుట్టిస్తున్నది. 2022 నవంబరులో ఢిల్లీ హైకోర్టు అమితాబ్ బచ్చన్ గొంతును ఆయన అనుమతి లేక వాడరాదని ఉత్తర్వు ఇచ్చినది. 2024లో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ విషయంలో అటువంటి రక్షణనే ఇచ్చినది. బాలుగారు 2020లో గతించగా, 2023లో విడుదలైన ఒక తెలుగు చిత్రంలో ఆయన గొంతును యంత్రంతో పుట్టించి వాడినారని వారి కుమారుడు నోటీసు ఇచ్చినారు. ఇవన్నీ పేరున్నవారి గొంతులు, కోర్టుదాకా వెళ్ళగలిగినవారివి. పొరుగింటి అవ్వకు మాట చెప్పిన ఆవిడ గొంతును ఎవరైనా ఎత్తుకొనిపోతే, అది ఆవిడదని చెప్పటానికి సాక్ష్యం ఏమున్నది? తెరమీద పేరు లేదు. పాత రోజుల కాగితాలు చాలావరకు దొరకవు. కనుక ఒప్పందంలో ఈ గొంతు ఏ పనికి, ఎంత కాలానికి, యంత్రానికి నేర్పుటకు వాడవచ్చునా కూడదా అన్న మాటలు వ్రాయించుకోవటం ఈ పిల్లలకు అన్నిటికంటె ముందు నేర్పవలసిన పాఠం.

సంఘంవారికి ఒక మనవి. సాలిగ్రామం, వడపళని వీధులలో డబ్బింగు చెప్పిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఏ చిత్రంలో ఏ పాత్రకు తాము మాట ఇచ్చినారో వారి నోటనే, వారి గొంతుతోనే చెప్పించి భద్రపరచటానికి పెద్ద ఖర్చు కాదు. వచ్చే ఉగాదిలోపల ఆ పని మొదలైతే బాగుండును. ఈ పెద్దలలో కొందరి దగ్గరకు ఇప్పటికే కొత్తపిల్లలు వచ్చి నమూనాలు వినిపించి సలహా అడుగుతున్నారు. పెదవి మూత, ఊపిరి, నిదానం, వీటి విషయంలో పెద్దల మాట వారు వింటారు. నమూనాలో తమ పేరును మొదట చెప్పవలెనా, చివర చెప్పవలెనా అన్నదానిమీద మాత్రం రెండు పక్షాలవారికీ ఇంకా తగవు తెగలేదు.